వెనక చక్రాల బ్రేకు

చుట్టుపక్కల ఎవరి సైకిలు బ్రేకు పట్టకపోయినా చేరేది ఆయన కొట్టుకే. అందరూ ఆయన్ని బ్రేకుల డాక్టరని పిలిచేవారు. పేరుకి తగ్గట్టే రోగిని తిట్టి మరీ వైద్యం చేసేవాడు. "ఇది బ్రేకా, అలంకారమా?" అని అడగనిదే పానా పట్టేవాడు కాదు.

ఆ నోరే ఒకసారి జారి మూడేళ్ళు ఏడిపించింది. కూతురు కొండవాలు మీద మౌంటెన్‌బోర్డు తొక్కడం మొదలుపెట్టింది. పొడవాటి చెక్క, కింద నాలుగు గాలి టైర్లు, పైన పాదాలు దూర్చే పట్టీలు. దాని మీద పక్కకి తిరిగి నిలబడి రాళ్ళనీ గోతుల్నీ లెక్కచేయకుండా దిగిపోవడమే. మొదటిసారి చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చినప్పుడు, "ఆ చెక్క ఎక్కినన్నాళ్ళూ నా గుమ్మం ఎక్కకు" అన్నాడు. పిల్లదీ ఆయన రక్తమే కదా, ఎక్కలేదు. పోటీలకి తల్లి ఒక్కతే వెళ్ళేది. తిరిగొచ్చి ఏదో చెప్పబోతే ఈయన రేడియో పెద్దది చేసేవాడు. ఆ తల్లి పోయి ఏడాదైంది.

ఆ ఉదయం కూతురు బోర్డు చంకన పెట్టుకుని కొట్టు గుమ్మంలో నిలబడితే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"పాత బ్రేకులు తడిలో పట్టట్లేదు నాన్నా. ఆదివారం పోటీ, వాలు బాగా నిటారు. డిస్కు బ్రేకులు తెచ్చాను. గొట్టంలో గాలి లేకుండా నూనె నింపడం నాకు కుదరట్లేదు."

"పెట్టి వెళ్ళు. సాయంత్రానికి అయిపోతుంది."

ఇంకా చాలా అనాలనుకున్నాడు. ఈ పని బాగా చేసిపెడితే ఆదివారం తననీ రమ్మంటుందేమోనని ఆశ.

డిస్కుల పెట్టెలో ఒక కాగితం ఉంది. అందులో బొమ్మ: ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, బ్రేకులు వెనక చక్రాలకి. ఆయన బోర్డెక్కి, ఒక వైపు నుంచే దూరే ఆ పట్టీల్లో పాదాలు పెట్టి చూసుకున్నాడు. పాత బ్రేకులు ఎడమ కాలి వైపున్నాయి. అంటే ముందు చక్రాలకన్నమాట. అక్కడ బ్రేకు పట్టిందంటే మనిషి ఎగిరి బోర్లా పడాల్సిందే. ఇన్నాళ్ళూ దీని మీదా తన పిల్ల తిరిగింది!

"ఎవడు బిగించాడ్రా ఇది?" అని ఖాళీ కొట్టులోనే కసురుకున్నాడు.

షట్టరు సగం దించి, వచ్చినవాళ్ళని రేపు రమ్మని, కొత్త డిస్కుల్ని కుడి కాలి వైపు చక్రాలకి బిగించాడు. బుడగన్నది లేకుండా మూడుసార్లు నూనె మార్చాడు. కూతుర్ని కాపాడానన్న సంతోషంలో అన్నం కూడా మర్చిపోయాడు.

సాయంత్రం కూతురు వచ్చి, చేత్తో పట్టుకునే బ్రేకు లీవరు నొక్కి చూసింది. మొహం వెలిగింది. తర్వాత చక్రాల వైపు చూసి ఆగిపోయింది.

"ముందు చక్రాలకి పెట్టావు నాన్నా."

"ముందు చక్రాలకున్నవి పాతవి! నేను సరిచేశాను. కాగితంలో చూడు, ఎడమ కాలే ముందు."

"చాలామందికంతే. నేను కుడి కాలు ముందు పెడతాను. మొదట్నుంచీ."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. సైకిలు చప్పుడు విని రోగం చెప్పేవాడికి కన్నకూతురు ఏ కాలు ముందు పెడుతుందో తెలియలేదు. పోటీ చూడ్డానికొచ్చిన ముక్కూ మొహం తెలియనివాళ్ళకి తెలుసు. చెప్పబోయిన భార్యకి తెలుసు.

ఇద్దరూ నేల మీద కూర్చుని మళ్ళీ విప్పారు. ఆయన డిస్కులు పట్టుకుంటే మరలు ఆమే బిగించింది. పని పూర్తయ్యాక అడిగాడు.

"ఆదివారం నేనూ రానా అమ్మా?"

ఆమె చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకుంది.

"వద్దు నాన్నా. అమ్మ నిలబడే చోట నువ్వు కనిపిస్తే నాకు కాళ్ళు వణుకుతాయి. ఆ వాలు మీద వణక్కూడదు."

ఆయన తలూపాడు. కాదనడానికి తనకేం హక్కుందని?

"పోనీ, ఇక్కడే ఒక్కసారి ఎక్కి చూపించు."

ఆమె ఎక్కింది. కుడి కాలు ముందు పెట్టి, మోకాళ్ళు వంచి, వీధి వైపు చూస్తూ నిలబడింది.

"ఇదిగో, ఇలా. చాలా?"

"ఇంకాసేపు ఉండమ్మా," అన్నాడు.