తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు

మే నెల మిట్టమధ్యాహ్నం. గుజరాతీల నగరంలో, ఉధ్నా పేట దాటి రింగ్ రోడ్ వైపు పోతున్న కరెంటు బస్సు దారి మధ్యలో ఆగిపోయింది.

లోపల కాలు కదపడానికి జాగా లేదు. ఉన్‌లో ఎక్కిన సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికులు, రింగ్ రోడ్ మార్కెట్లలో చీరలు మడతపెట్టే ఆడవాళ్ళు, బట్టల మూటలు మోసే హమాలీలు. ఏసీ ఎప్పుడో ఆగిపోయింది. కిటికీలకు తెరిచే వీలులేని అద్దాలు. తలుపులు ఉన్నది కుడిపక్కన మాత్రమే, అవి కూడా బస్సు స్టేషన్ ప్లాట్‌ఫారం గద్దెకు సరిపోయేంత ఎత్తున. బస్సుకు అటూ ఇటూ ఇనుప కమ్మీలు. కమ్మీల అవతల ఆటోలు, మోటారుసైకిళ్ళు హాయిగా పోతున్నాయి. కమ్మీల మధ్య, బస్సుల కోసమే వేసిన దారిలో, మూతపెట్టిన గిన్నెలాగా ఉడుకుతోంది బస్సు.

"డ్రైవర్ సాబ్, తల్పు తియ్యి!"

"అరే భాయ్, దర్వాజా ఖోలో!"

డ్రైవర్ పరుశురాం ముందున్న తెరమీద తాబేలు బొమ్మ వెలుగుతోంది. బ్యాటరీ అడుగంటినప్పుడు వచ్చే బొమ్మ అది. అది వచ్చాక బండి మనిషి నడకన పాకుతుంది, ఆ తర్వాత అదీ ఉండదు. పొద్దున్నే డిపోలో చెప్పాడతను. ఛార్జింగ్ పెట్టే మిషన్లు సగం చెడిపోయాయి, బండికి చాలినంత ఎక్కలేదు, ఈ ఎండకు మధ్యలోనే ఆగుతుంది అని. "ఏసీ ఆపేసి నడుపు. ట్రిప్పు మాత్రం తప్పకూడదు" అని పంపించాడు మేనేజరు.

ఇప్పుడు కంట్రోల్ రూముకు ఫోను చేస్తే ఒకటే జవాబు. స్టేషన్ బయట తలుపు తెరవకూడదు. లాగే బండి వస్తోంది. ఆగు.

డ్యాష్‌బోర్డు కింద సీలు వేసిన మూత వెనక ఎర్ర పిడి ఉంది. అది లాగితే తలుపులను బిగించి ఉంచే గాలి వదులుతుంది, తలుపులు చేత్తో నెట్టి తీయొచ్చు. ఇదివరకు పర్మిషన్ లేకుండా ఆ సీలు తెంపిన ఒక డ్రైవరును కంపెనీ ఆ సాయంత్రమే పనిలోంచి తీసేసి ఇంటికి పంపింది. పరుశురాం చెయ్యి మూత దాకా పోయింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ ఫోను కలిపాడు. ఆగు అన్నారు. ఆగాడు.

వెనక ఎవరో అద్దం పగలగొట్టే సుత్తె కోసం వెతుకుతున్నారు. సుత్తె ఉండాల్సినచోట ఉత్త కొక్కెం వేలాడుతోంది.

మూడో సీట్లో బుచ్చవ్వ కూర్చుని ఉంది. ఉధ్నాలో మెస్సు నడుపుతుందామె. ఆ బస్సులోని తెలుగువాళ్ళలో సగంమంది ఏదో ఒకనాడు ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళే. మార్కెట్లో పనిచేసే కూతురు భాగీరథితో కలిసి, అక్కడి వాళ్ళకు అన్నం డబ్బాలు తీసుకుపోతోంది.

"బిడ్డా, ఊపిరాడ్తలేదే" అంది బుచ్చవ్వ.

భాగీరథి కొంగుతో విసిరింది. చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి జరగాలని చూశారు గానీ జరిగే చోటేదీ? ముసలామె తల బిడ్డ భుజం మీదికి వాలిపోయింది. చేతిలోని డబ్బా జారి కిందపడింది.

"అవ్వా! ఓ అవ్వా! డ్రైవరూ, మా అవ్వ సచ్చిపోతాంది!"

పరుశురాం సీలు తెంపాడు. పిడి లాగాడు. జనం తలుపు నెట్టారు. పడుచువాళ్ళు కిందికి దూకి చేతులు చాచారు. ఎదురుగా వస్తున్న ఇంకో బస్సుకు నలుగురు అడ్డంగా నిలబడ్డారు. బుచ్చవ్వను చేతులమీద దించి, కమ్మీల మీదుగా అవతలివాళ్ళకు అందించారు. ఎవరో ఆటో ఆపారు. ఆటో దవాఖాన చేరేలోపే ఆమె పోయింది.

*

మేనేజరు త్రివిక్రమరావు గది చల్లగా ఉంది. అంతకుముందు హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసి, బస్సులు నడిపే ఈ కాంట్రాక్టు కంపెనీలోకి వచ్చిన మనిషి. పరుశురాంను కూర్చోమన్నాడు. తన చేత్తో మంచినీళ్ళ సీసా జరిపాడు.

"చూడు పరుశురాం, జరిగిందేదో జరిగింది. ఎల్లుండి విచారణ పెట్టారు. ముసలావిడ కంగారుపడి దూకేసింది, తలకి దెబ్బ తగిలింది అని చెప్పు. అంతే."

"ఆమె దూకలె సార్. సీట్లనే పడిపోయింది. మేమే ఎత్తుకొని దించినం."

"తలుపు తీసిందెవరు? నువ్వే కదా. నే చెప్పినట్టు చెబితే నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు. కాదంటావా, రూలు తప్పి తలుపు తీసి మనిషి చావుకి కారణమయ్యావని కేసు పెడతారు. అప్పుడు నేనూ ఏం చెయ్యలేను." కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు. "ఊరుగాని ఊళ్ళో మనం మనం తెలుగువాళ్ళం. నా తమ్ముడిలాంటివాడివని చెబుతున్నాను."

పరుశురాం నీళ్ళు ముట్టలేదు. లేచాడు. బయటికొస్తే ఎండ మొహం మీద కొట్టింది.

ఉన్‌లో రేకుల కప్పు గది అతనిది. భార్య అనురాధ తలుపు దగ్గరే ఎదురుచూస్తోంది. విషయమంతా వింది.

"మల్ల సాంచాల మీదికే పోతవా?" అంది.

పరుశురాం పదిహేడో ఏట సిరిసిల్ల దిక్కునుంచి వచ్చి సాంచాల మధ్య పడ్డాడు. ఆ చప్పుడుకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోదైనా మిగిలించుకుందామని డ్రైవింగ్ నేర్చాడు. చప్పుడు చెయ్యని బస్సు దొరికినరోజు ఆకాశం అందినంత సంబరపడ్డాడు. ఇప్పుడు నిజం చెబితే జైలు. అబద్ధం చెబితే, తన చేతులమీదుగా దించిన ముసలామెను తన నోటితోనే కిందపడేయాలి. ఏ తలుపు నెట్టినా తెరుచుకునేలా లేదు.

"నేను పని జేస్త. నువ్వు మాత్రం ఆ అవ్వ మీద అబద్ధం జెప్పకు" అంది అనురాధ. "నేను గూడ ఆమె కూడు తిన్నదాన్నే."

*

మరునాడు పొద్దున్నే బుచ్చవ్వను సాగనంపి వచ్చి, ఉధ్నాలో తెలుగు కార్మికుల సంఘం రేకుల షెడ్డులో జనం కూడారు. తువ్వాలలు మెడకేసుకుని, కళ్ళు ఎర్రబడి. పరుశురాం లోపలికి అడుగుపెట్టగానే గొడవ లేచింది.

"గీడు ఎందుకొచ్చిండ్రా?"

"మా అవ్వ గిలగిల కొట్టుకుంటుంటె ఫోను వట్టుకొని కూసున్నడు!"

ఒకడు కాలరు పట్టుకున్నాడు. సంఘం పెద్ద రఘుపతి విడిపించాడు. "ఆగుండ్రి. ముందుగాల చెప్పనియ్యుండ్రి."

పరుశురాం చెప్పాడు. పొద్దున డిపోలో అన్నమాట, మేనేజరు ఇచ్చిన జవాబు, చల్లని గదిలో తమ్ముడూ అని పిలిచిన పిలుపు, ఏదీ దాచలేదు.

"నేను భయపడ్డ. నౌకరి పోతదని ఆగిన. ఆగకపోతె బతికేదో ఏమో" అన్నాడు.

భాగీరథి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "నువ్వు ఆగినవ్. నిన్ను ఆపినోడు ఎవడు? వాడు ఏడున్నడు? నాకు వాడు గావాలె."

గుమ్మంలో నిలబడ్డ జగబంధు అప్పుడు నోరు విప్పాడు. అతను ఒడియావాడు, అదే కంపెనీలో డ్రైవరు. హిందీలో అన్నాడు: "మా అందరి బండ్లూ అంతే. నేడు వీడి బండి. రేపు నాది ఆగుతుంది. రోజూ తాబేలును చూసుకుంటూ దేవుణ్ణి మొక్కుకుంటూ నడుపుతున్నాం."

"కాలబెడ్దాం బస్సులను!" వెనకనుంచి ఒక గొంతు.

"కాలబెడితె రేపు నువ్వు దేని మీద పోతవురా?" రఘుపతి కసిరాడు. "ఆ బస్సు కంపెనోనిది గాదు. మనది. దాంట్ల బతికి దిగాలె, గది అడుగుదం."

"అడిగినం గదా! ఎన్నిసార్లు అడిగినం? కాయితాలు ఇచ్చుడే, వాళ్ళు తీసుకొనుడే!"

మాట మీద మాట పడింది. ఒకరు కలెక్టరు దగ్గరికి పోదామన్నారు, ఒకరు పెద్దమనుషులను పట్టుకుందామన్నారు. ఆ గోలలో భాగీరథి పరుశురాం వైపు తిరిగింది.

"అన్నా, తల్పు మూసుకోకపోతె బస్సు కదుల్తదా?"

"కదలది. ఒక్క మనిషి అడ్డమున్నా బ్రేకు ఇడువది. దాన్ని గట్లనే తయారు జేసిన్రు."

"బస్సు పగులగొట్టే పనిలేదు, ఎవ్వలను కొట్టే పనిలేదు" అందామె లేస్తూ. "పోయి తల్పుల నిలబడుదం."

*

ఆరోజే, షిఫ్టు మారే వేళకు ఉధ్నా స్టేషన్‌లో మొదటి బస్సు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. భాగీరథి ఒక కాలు బస్సులో, ఒక కాలు గద్దె మీద పెట్టి నిలబడింది. తలుపు ఆమె భుజాన్ని తాకి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది. వెనక తలుపులో రఘుపతి. స్టీరింగ్ దగ్గర కూర్చున్న జగబంధు కంట్రోల్ రూముకు ఫోను చేసి, "తలుపు మూసుకోవడంలేదు, ఆగాను" అన్నాడు.

దాని వెనక ఇంకో బస్సు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. పక్కకు తప్పుకునే దారి లేదు, అటూ ఇటూ కమ్మీలే.

"మాకు పనులు లేవా? ఇదేం దాదాగిరీ!" ఒక గుజరాతీ ఆవిడ కేకలేసింది.

"బెన్, నిన్న బస్సుల ఉడికిపోయి సచ్చిపోయింది మా అవ్వ" అంది భాగీరథి, వచ్చీరాని హిందీలో. "రోజూ నువ్వు గూడ ఇదే బస్సెక్కుతవ్ గదా?"

ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుని మధ్య తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

పోలీసులతోపాటు త్రివిక్రమరావు వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. గద్దె మీద జనంలో ఉన్న పరుశురాం దగ్గరికి తిన్నగా వచ్చి తెలుగులో మెల్లగా అన్నాడు: "మనవాళ్ళకి చెప్పు, దిగమను. ఇంకా ఆలస్యం కాలేదు. నీ సంగతి నేను చూసుకుంటాను."

పరుశురాం అతనికి తెలుగులో జవాబివ్వలేదు. గద్దె మీదున్న బల్ల ఎక్కాడు. అందరికీ అర్థమయ్యేలా హిందీలో, సాంచాల మధ్య అలవాటైన పెద్ద గొంతుతో అరిచాడు.

"ఛార్జింగ్ లేదని నేను చెప్పాను. ఏసీ ఆపి నడపమన్నది ఈయన. తలుపు తీయొద్దన్నది కంపెనీ. ముసలామె దూకిందని చెప్పమన్నదీ ఈయనే. ఆమె దూకలేదు! నిండా ఛార్జింగ్ లేని బండి రోడ్డెక్కకూడదు. తలుపు తీసే పిడి జనం చేతికి అందాలి. అప్పటిదాకా ఈ తలుపులు మూసుకోవు!"

జనం హోరెత్తారు. తెలుగు, ఒడియా, మరాఠీ, గుజరాతీ, ఏ మాట ఎవరిదో తెలియలేదు. జగబంధు సీటు దిగి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. వెనక బస్సుల డ్రైవర్లూ దిగారు.

పోలీసులు పరుశురాంను బల్లమీదినుంచి లాగారు. భాగీరథి తలుపు వదలకుండానే అరిచింది: "అన్నా, భయపడకు! అనురాధక్కకు మేమున్నం!"

వ్యానులోకి తోసి తలుపు వేశారు. లోపల బస్సులో ఉన్నట్టే వేడి. కిటికీకి ఇనుప జాలీ. బయట గొళ్ళెం పడింది. ఎన్నాళ్ళకు బయటపడతాడో తెలియదు.

కమ్మీల పక్కన మామూలు రోడ్డు మీద వ్యాను మెల్లగా కదిలింది. పరుశురాం జాలీకి మొహం ఆనించాడు. బస్సులు వరసగా నిలబడిపోయి ఉన్నాయి. తర్వాతి స్టేషన్ వచ్చింది. అక్కడా బస్సు ఆగి ఉంది. దాని తలుపులు తెరిచే ఉన్నాయి. తలుపుకొకరు, మూట నెత్తిన పెట్టుకున్న ఒక హమాలీ, కాలేజీ సంచి తగిలించుకున్న ఒక పిల్ల, టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, గద్దె మీద ఒక కాలు, బస్సులో ఒక కాలు పెట్టి నిలబడ్డారు.

పొద్దుటి మీటింగులో వాళ్ళెవరూ లేరు. వాళ్ళలో ఒక్కరినీ పరుశురాం ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు.