రీళ్ళాయన ఇంటి గాలి

బస్సు డ్రైవరు పొద్దున డ్యూటీకి వెళ్ళాడంటే ఇక ఆ ఇంట్లో సినిమా మొదలయ్యేది. ఆయన భార్యా, ఆయన చెల్లెలూ కాఫీ గ్లాసులు పట్టుకుని ముందుగదిలో కంప్యూటర్ దగ్గర చేరేవాళ్ళు. చెవులు వినపడనివాళ్ళ కోసం పాత సినిమాల కింద అక్షరాలు రాయడం వాళ్ళ పని. మాటలు ఒక్కటే రాస్తే చాలదు, చప్పుళ్ళు కూడా రాయాలి. మాటలు వదిన రాసేది, చప్పుళ్ళు మరదలు చూసుకునేది.

"ఆ కిర్రుమన్నది తలుపా, కుర్చీయా?" అని అడిగేది వదిన.

మరదలు కళ్ళు మూసుకుని వినేది. "మంచం. ఒక కోడు పొట్టిగా ఉన్న మంచం."

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈ ఇంట్లో ఆ అర్ధం కాస్తా ముప్పాతికయింది. వదిన కాపరానికి వచ్చేసరికి మరదలు రెండు జడల పిల్ల, తల్లి లేదు. ఆ జడలు వేసిందీ, బడికి పంపిందీ, జ్వరమొస్తే పక్కన కూచున్నదీ వదినే. ఇప్పుడా పిల్లకి చెంపల దగ్గర నెరుస్తోంది. సంబంధాలు రాకపోలేదు. ఒకాయన నవ్వు స్టీలు గిన్నె కిందపడ్డట్టుందంది. ఇంకొకాయన కాఫీ జుర్రుతాడంది. వదిన పైకి కోప్పడేది గానీ, ప్రతిసారీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయేది.

సినిమాలు వాళ్ళకి వేరే ఊరి నుంచి వచ్చేవి. అక్కడొకాయన ఉన్నాడు, వీళ్ళు రీళ్ళాయన అనుకునేవాళ్ళు. పాడైపోతున్న పాత రీళ్ళు తెచ్చి, బొమ్మ బొమ్మా తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. ఆ ఫైళ్ళు కొండంత ఉండేవి. ఒకసారి డిస్కులో పెట్టి పార్సెల్ చేస్తే, అది దారిలో పగిలి గలగలమంటూ వచ్చింది. అప్పటినుంచి ఆయన కంప్యూటర్ నుంచి వీళ్ళ కంప్యూటర్‌కి ముక్కలు ముక్కలుగా దింపుకోవడమే. ఇదే పని చేసేవాళ్ళు ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఒకరి దగ్గరున్న ముక్కలు ఒకరు పంచుకునేవాళ్ళు.

ఈసారి సినిమా మాత్రం ఎంతకీ దిగలేదు. వినపడనివాళ్ళ సంఘం వాళ్ళు హాలు కూడా మాట్లాడుకున్నారు. పిల్లాపాపలతో వస్తామని కబురుచేశారు. ఇక్కడ చూస్తే నత్తకి కాలు విరిగినట్టుంది స్పీడు. పక్కింటి లైను బాగానే ఉంది, కంపెనీవాళ్ళని అడిగితే మా వైపు అంతా సవ్యంగా ఉందన్నారు. చివరికి సిగ్నల్ బాబాయ్‌ని పిలిచారు. ఆయన ఆ వీధిలో అందరిళ్ళకీ తీగలు లాగిన భారీ మనిషి. మెట్లెక్కి వచ్చి, ముందు మంచినీళ్ళు తాగి, తర్వాత కంప్యూటర్ ముందు కూచుని, ఉసూరుమన్నాడు.

"ఇద్దరూ తలుపులు బిడాయించుకు కూచుంటే ఎలాగమ్మా? ఆయన గుమ్మం మీరు కొడుతున్నారు, తీయట్లేదు. మీ గుమ్మం ఆయన కొడుతున్నాడు, మీరు తీయట్లేదు. మధ్యన ఆ మూడోవాళ్ళెవరో దయతలచి చిన్న చిన్న పొట్లాలు అందిస్తున్నారు. అదే మీకొస్తున్న స్పీడు."

"అయితే ఆయన్నే తీయమనండి," అంది వదిన.

"ఆయనుండే బిల్డింగు మొత్తానికి ఒకటే ఇంటర్నెట్ పెట్టె. దాని తాళం ఆయన చేతిలో లేదు. మీ పెట్టె మీ చేతిలో ఉంది కదా. ఒక్కవైపు తెరుచుకున్నా చాలు, ఇద్దరూ కలుసుకుంటారు."

కంప్యూటర్లోనూ పెట్టెలోనూ పోర్టు, అంటే ఆ గుమ్మం, తెరిచాడు. పరీక్ష పేజీ పెట్టి చూస్తే ఎర్రగా 'మూసి ఉంది' అనే వచ్చింది. మళ్ళీ చూశాడు. మళ్ళీ ఎరుపే. బుర్ర గోక్కుని, తీగ పట్టుకుని గోడ వెంట పాకుతూ బీరువా వెనక్కి వెళ్ళాడు. అక్కడి నుంచే అరిచాడు.

"ఇదేంటమ్మా, ఇక్కడ ఇంకో పెట్టె ఉంది?"

"అది కంపెనీవాళ్ళది. తెల్లది మా ఆయన కొన్నాడు, వెనక గదికి కూడా అందాలని."

"అదీ సంగతి! ఇంటికి రెండు వాకిళ్ళు పెట్టుకుని, లోపలిది తీసి బయటిది మరిచిపోయారు." ఆ రెండో పెట్టెలో కూడా దారి చూపించి, బీరువా వెనక నుంచి దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో బయటికొచ్చాడు. "ఇప్పుడు చూడండి."

పేజీ ఆకుపచ్చగా మారింది. తెల్లపెట్టె లోంచి సన్నగా గాలి మొదలైంది.

పోర్టు తెరుచుకుంటే అవతలివాళ్ళ ఇంటి గాలి రావడం మామూలే. పై వాటాలో లెక్కల మాస్టారు చదరంగం ఆటలు దింపుకుంటూ ఎవరిదో చుట్ట కంపు భరిస్తున్నాడు. పక్క వాటాలో కుట్టుపనావిడ తడిగుడ్డలు పెట్టె ముందే ఆరేస్తుంది. సిగ్నల్ బాబాయ్ కూడా గాలికి ముక్కు పెట్టి, "ఫరవాలేదు, శుభ్రమైన ఇల్లే," అని, వెళ్ళబోతూ ఒక మాట చెప్పాడు.

"కరెంటు పోయి వస్తే ఈ కంప్యూటర్‌కి ఇంట్లో నంబరు మారిపోవచ్చు. మనిషి గది మారితే చుట్టాలు పాత గది తలుపే కొడుతుంటారు చూడండీ, అలాగన్నమాట. అప్పుడు కొత్త నంబరు ఇక్కడ వేస్తే చాలు." ఎక్కడ వేయాలో వదినకి చూపించాడు.

ఆయన మెట్లు దిగుతుండగానే స్పీడు గంతులేసింది. గాలి కూడా జోరందుకుని కిటికీ తెరని ఎత్తింది. మొదట ఘాటుగా, పుల్లగా వచ్చింది, చివికిపోతున్న పాత రీళ్ళ వాసన. దాని అడుగున నారింజ తొక్క, ఇస్త్రీ చేసిన నూలు చొక్కా, వానలో తడిసి మూలన పెట్టిన గొడుగు.

"ఒంటిగా ఉంటాడు పాపం," అంది వదిన.

"నీకెలా తెలుసు?"

"ఒకే ఒక్క గుడ్డు వేపుకున్నాడు."

సినిమా అందింది. సంఘం వాళ్ళు పిల్లాపాపలతో వచ్చి చూశారు. వాన పడుతున్న చోట మరదలు 'రేకుల మీద వాన, తర్వాత ఆకుల మీద' అని రాస్తే, ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడట. ఆ తర్వాత ఇంకో సినిమా, ఇంకోటి.

అంతకుముందు రీళ్ళాయన 'పంపాను' అని రాసేవాడు, వీళ్ళు 'అందింది' అనేవాళ్ళు. అంతకుమించి ముచ్చట లేదు. గాలికి రెండు దారులుంటాయి కదా, ఒకరోజు ఆయన దగ్గర్నుంచి ఇలా వచ్చింది: 'మీ ఇంట్లో ఉల్లిపాయలు మాడాయా?'

మరదలు కాసేపు ఆలోచించి, 'ఫోను మోగింది, అందుకని,' అని రాసింది. అది అబద్ధం. పెట్టె దగ్గర కూచుని ఉల్లిపాయల సంగతి మరిచిపోయింది.

అక్కడి నుంచి ఆమె వ్యవహారమే మారిపోయింది. పొద్దున్నే స్నానం చేసి తడిజుట్టుతో పెట్టె ముందు కూచునేది. ఆయన నారింజ ఒలిచే వేళకి తనూ ఒకటి ఒలుచుకునేది. ఫైలు పూర్తిగా అందాక కూడా కంప్యూటర్ ఆపనిచ్చేది కాదు.

"ఇంకా ఎందుకమ్మాయ్, కరెంటు దండగ?"

"అందగానే ఆపేస్తే ఏం బాగుంటుంది వదినా? మన దగ్గరున్న ముక్కలు మనమూ పంచాలి. అది మర్యాద."

"ఈ మర్యాద మొన్నటిదాకా ఎక్కడికి పోయిందో!"

రాత్రి భోజనాల దగ్గర వదిన మొగుడితో చెప్పింది. "మీ చెల్లెలికి గాలి సోకింది."

డ్రైవరు ముద్ద ఆపాడు. "ఎవరి గాలి?"

"రీళ్ళాయనది."

"మంచిదేనా?"

"గాలి మంచిదే," అంది వదిన. అని, చివాలున లేచి మంచినీళ్ళ కోసం వెళ్ళింది. కూజా నిండుగా పక్కనే ఉంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ వెలిగింది గానీ గాలి రాలేదు. పరీక్ష పేజీలో ఎరుపు. సంగతేమిటో వదినకి చూడగానే తెలిసిపోయింది. నంబరు మారింది, కొత్తది వేస్తే సరి, కాఫీ కాచినంత పని కూడా కాదు. చెయ్యి మౌస్ మీదే ఉంది. తాను మూయనక్కర్లేదు, ఎవర్నీ అడ్డుకోనక్కర్లేదు. ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు.

"కంపెనీవాళ్ళ లైనేదో తేడాగా ఉన్నట్టుంది," అంది, వెనక్కి తిరక్కుండా.

"ఊఁ," అంది మరదలు. అంతే, ఇంకేమీ అడగలేదు.

ఆ రెండు మూడు రోజులూ ఇల్లు ఉక్కపోసింది. కిటికీ తెర చచ్చిన చేపలా వేలాడింది. ఇద్దరూ ఒకరితో ఒకరు మరీ మంచిగా మాట్లాడుకున్నారు, చుట్టాలింటికి వెళ్ళినట్టు. మరదలు నారింజలు తెచ్చి గిన్నెలో పెట్టి, ఒకటీ ఒలవలేదు. అవి వడిలి ముడతలు పడుతుంటే వదినకి అన్నం సయించలేదు. ఒకరోజు మరదలు కూరగాయలకి వెళ్ళగానే, 'చీ, నా బతుకూ' అనుకుని కంప్యూటర్ ముందు కూలబడింది. నంబరు మార్చింది. పేజీ ఆకుపచ్చగా వెలిగింది. గాలి వచ్చింది.

వచ్చింది గానీ, తెర కదల్లేదు. నారింజ లేదు. ఇస్త్రీ లేదు. గుడ్డూ లేదు. మూసిన కిటికీలు, తడిసి ఆరి మళ్ళీ తడిసిన దుప్పటి, వాటి మీద పేరుకున్న ఒక వెచ్చటి పచ్చివాసన. ఆ వాసన వదినకి కొత్త కాదు. రెండు జడల పిల్లకి ఒళ్ళు తెలియని జ్వరం వచ్చినప్పుడు రాత్రిళ్ళు ఆ మంచం పక్కనే కూచుంది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

అప్పుడే మరదలు సంచీతో వచ్చింది. గుమ్మంలో కాలు పెట్టి అక్కడే నిలబడిపోయింది. సంచీ మెల్లగా కింద పెట్టింది.

"వదినా..."

"ఫోను ఎత్తట్లేదు. లే, బయల్దేరు."

"నేనా? నేనెలా వెళ్తాను? ఆయన్ని ఒక్కసారి కూడా చూళ్ళేదు. ఏమనుకుంటాడు?"

"ఏమైనా అనుకునే ఓపికుంటే లేచి గుడ్డు వేపుకునేవాడు. వెళ్ళమంటుంటే!"

ఆ పగిలిన డిస్కు వచ్చిన అట్టపెట్టె అటక మీదుంది. దాని మీద రీళ్ళాయన చిరునామా ఉంది. వదిన ఎక్కి తీసింది, దుమ్ము దులిపింది, చిరునామా చింపి మరదలి చేతిలో పెట్టింది. రెండు జతల బట్టలు సర్దింది. డ్రైవరుకి ఫోను చేస్తే, ఆ ఊరి బస్సు నడిపే తన స్నేహితుడితో చెప్పి ముందు సీటు పట్టించాడు. వదిన బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది. కదిలాక మరదలు కిటికీలోంచి తల బయటపెట్టి, "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాం," అంది.

"నేను చూసుకుంటాలే," అంది వదిన.

ఆ పూట ఆమె పెట్టె ముందు నుంచి కదల్లేదు. చాలాసేపు అదే చెమట, అదే జ్వరం. చీకటి పడ్డాక తెర ఒక్కసారి గుప్పుమని లేచింది. అక్కడెవరో కిటికీలన్నీ తెరిచేశారు. వీధి దుమ్ము, చెట్ల ఆకుల వాసన, వాటి వెనక ఫినాయిల్. వదిన రెండు చేతులూ మొహానికి పెట్టుకుని, అలాగే కూచుని ఆ గాలంతా పీల్చింది.

ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందట. ఇంకొక్క పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడట. తలుపు గడియ కూడా పెట్టుకోలేదు ఆ మనిషి. రీళ్ళ డబ్బాల మధ్య నేల మీద పడున్నాడట. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి మరదల్ని చూసి, ఎవరని అడగలేదు. ముక్కుతో రెండుసార్లు గాలి పీల్చి, "ఉల్లిపాయలు," అన్నాడట.

ఆయన లేచి తిరిగేదాకా ఉంటానంది మరదలు. లేచాడు, తిరిగాడు. ఆమె రాలేదు. రోజూ అక్కడి గాలి మాత్రం వచ్చేది. మొదట మందులు, తర్వాత సబ్బు, తర్వాత రెండు గుడ్లు. వదిన ఒక్కతే మాటలూ రాస్తూ, చప్పుళ్ళు రాసి మరదలికి పంపి దిద్దించుకుంటూ పని లాగింది.

ఒక సాయంత్రం ఫోను మోగింది.

"వదినా, అన్నయ్యకి నువ్వే చెప్పు. నేను ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నా. ఈయన కూడా మాట్లాడతానంటున్నాడు గానీ, దగ్గొస్తుందని ఆపాను."

"ఈయనా!" అంది వదిన. "ముందు నేనొక మాట చెప్పాలే పిల్లా. ఆ రోజు పోర్టు..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు కావాలనే ఊరుకున్నావని. ఆ పేజీ నేనూ తెరిచి చూశాను. నంబరు ఎక్కడ వేయాలో నాకూ తెలుసు కదా. బాబాయ్ చూపించినప్పుడు నీ వెనకాలే ఉన్నాను."

"మరి నువ్వెందుకు వేయలేదే?"

"వేస్తే వెళ్ళిపోవాల్సి వస్తుందని." అవతల ఇద్దరు ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపించింది. "వదినా, ఏడుస్తున్నావా?"

"నేనా? నాకేం ఖర్మ! ఎవరు చెప్పారు నీకు?"

"ఇక్కడ గాలి చెమ్మగా వస్తోంది."

"పెట్టె ముందు బట్టలారేశాను," అంది వదిన. ఫోను చెవికి ఆనించుకునే లేచి వెళ్ళి, బకెట్లోంచి తడి తువ్వాలొకటి తెచ్చి, నిజంగానే ఆరేసింది.