గెర్లిండే మేడమ్ పెన్సిలు

జర్మనీలోని ల్యూబెక్‌లో ఒక చర్చి గాయకబృందానికి ఒక నియమం ఉంది. అరవై ఐదు దాటినవాళ్ళు రెండేళ్ళకోసారి బృందనాయకుడి ముందు ఒంటరిగా పాడి చూపించాలి. గొంతు వణికితే ఇక ఇంట్లో కూర్చుని వినాలి. ఈ నియమం పట్టుబట్టి పెట్టించింది గెర్లిండే ఓసెన్‌కాంపే. అప్పుడావిడకి యాభై ఏళ్ళు. ముసలితనం ఇతరులకు వచ్చే జబ్బని గట్టి నమ్మకం.

ఇప్పుడు డెబ్బై ఒకటి. కిందటిసారి పరీక్ష పెట్టిన పాత నాయకుడికి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి గట్టెక్కింది. కొత్తగా వచ్చిన నాయకుడు ఫోల్క్‌మార్ ఒకప్పుడు ఆవిడ శిష్యుడే, చెవులు పాము చెవులు. గురువారాల్లో బృందంతో చేసే సాధన పోతే ఆవిడకి వారంలో మిగిలేవి ఏడు ఆదివారాలే, దుకాణాలన్నీ మూసేసిన ఆదివారాలు.

మే నెలలో మెడకు రెండు మఫ్లర్లు చుట్టుకుని, ఫ్లాస్కులో అల్లం టీ పోసుకుని పరీక్షకి బయల్దేరింది. ముప్పై ఏళ్ళు ఒపెరాలో పాడింది. ఏం పాడిందని మాత్రం అడక్కూడదు. మంత్రగత్తెలు, ఆయాలు, పెళ్ళికూతురి పిన్నులు. సగం నాటకాల్లో విరామానికి ముందే చచ్చిపోయి, తెర వెనక కాఫీ తాగుతూ కూర్చునేది. అయినా వీధిలో అభిమానులు చుట్టుముడతారేమోనని టోపీ కిందికి లాక్కుని నడిచేది. ఒక్కరూ గుర్తుపట్టలేదు. టోపీ మాత్రం అరిగిపోయింది.

సంగీత కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు ఆవిడ చేతిలో పెన్సిలు ఉండేది. స్వరం తప్పితే బల్ల మీద టక్కుమని కొట్టేది. బాగుపడతారనుకున్నవాళ్ళకే ఆ టక్కులు. ఆశ లేనివాళ్ళని పాట చివరిదాకా పాడనిచ్చి, "థాంక్స్, చాలా బావుంది" అని మర్యాదగా పంపేసేది.

"కూర్చోండి మేడమ్, నీళ్ళు తాగుతారా?" అన్నాడు ఫోల్క్‌మార్.

"నీళ్ళెందుకోయ్, నేనేమన్నా ఆపరేషన్‌కి వచ్చానా?"

నిలబడే పాడింది. రెండో చరణంలో ఊపిరి చాల్లేదు. పై స్వరం దగ్గర గొంతు బట్టలుతికే మెషీన్‌లా ఊగింది. ఓరకంట చూసింది. ఫోల్క్‌మార్ వేళ్ళ మధ్య పెన్సిలు ఉంది, కదల్లేదు. పాట చివరిదాకా కదల్లేదు.

"థాంక్స్ మేడమ్. చాలా బావుంది."

ఆవిడ కుర్చీలో కూలబడింది.

"ఏమోయ్, ఆ 'చాలా బావుంది' ఎక్కడ నేర్చుకున్నావు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ దగ్గరే మేడమ్. నాకూ ఒకసారి చెప్పారు. అందుకే పాట మానేసి ఆర్గన్ వాయిద్యం పట్టుకున్నాను."

గెర్లిండేకి గుర్తే లేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

"అప్పుడేం చేశావు?"

"కాలేజీ బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను."

"నాకు మోకాళ్ళ నొప్పులు, అంత దూరం నడవలేను. ఇక్కడే ఏడుస్తాను, ఏమనుకోకు." నిజంగానే ఏడ్చింది, మఫ్లరుతో ముక్కు తుడుచుకుంటూ. "తప్పైపోయింది నాయనా. ఆ మాట నీకు చెప్పకుండా ఉండాల్సింది. ఇంకెవరికీ కూడా."

అతను పాటల పుస్తకం పేజీలు మళ్ళీ మొదటికి తిప్పాడు.

"లేవండి. చిన్నగా పాడండి. స్టేజీ మీద మంత్రగత్తెలా కాదు, పక్కవాళ్ళ గొంతులో కలిసిపోయేలా."

లేచింది. మొదటి స్వరం అందుకుంది.

టక్.

ఒళ్ళు ఝల్లుమంది. చప్పట్లకి కూడా ఎప్పుడూ అంత సంతోషం కలగలేదు. రెండో స్వరం. టక్. మూడోదానికి పెన్సిలు ముల్లు విరిగింది. ఫోల్క్‌మార్ సొరుగులోంచి షార్పెనర్ తీశాడు.

"ఇంకో నాలుగు చెక్కి పెట్టుకో. గురువారానికి కూడా కావాలి" అంది గెర్లిండే, మఫ్లర్లు రెండూ విప్పేస్తూ.