‘డు’కూ ‘ది’కీ నడుమ

“కూసోండ్రి, అది చాయ్ తెస్తాంది.”

ముందు గదిలో రాజేశ్వర్ రావు ఎవరితోనో అన్న మాట వంటింట్లోకి వినిపించింది. హనుమకొండ చౌరస్తాలో ఉన్న తమ బట్టల దుకాణానికి సరుకు తెచ్చే మనిషి కాబోలు, పొద్దున్నే దిగాడు. శకుంతల ఒక పక్క అన్నం గంజి వారుస్తూనే చాయ్ గిన్నె దించింది. అత్తగారికి రొట్టె, పిల్లలిద్దరికీ డబ్బాలు, దుకాణానికి పోయే ఆయనకు వేరే డబ్బా, మిగిలింది తనకు. ఇదంతా అయ్యాక చీర మార్చుకుని బడికి పరుగెత్తాలి. “పొద్దంత నీడపట్టున కూసోని వచ్చుడే గదా, దానికేం కష్టం” అని అత్తగారు ఇరుగుపొరుగుతో అంటూ ఉంటుంది. ‘అది’ అంటే తనే. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఆమె పేరు అదే. అది లేచిందా, అది ఏడవోయింది, అదే చేస్తది తియ్యి. పదో తరగతి పిల్లలకు తెలుగు చెప్పే పండితురాలైన శకుంతల ఆ పిలుపును ఎన్నడూ పట్టించుకోలేదు. అందరి ఇళ్లలోనూ అంతే కదా అనుకుంది. పట్టించుకోవడానికి తీరికా ఉండాలి.

చాయ్ అందరికీ ఇచ్చింది, తను తాగలేదు. నీళ్లు కూడా గొంతు తడుపుకోవడానికి ఒక్క గుక్క, అంతే. మళ్లీ తాగేది సాయంత్రం ఇంటికి వచ్చాకే. ఇది ఒక్కపొద్దూ కాదు, మొక్కూ కాదు. సుబేదారి అవతల ఆమె పనిచేసే హైస్కూల్లో ఆడ టీచర్లకు ఉన్నది ఒకే ఒక్క మరుగుదొడ్డి. దానికి తాళం. ఆ తాళంచెవి హెడ్మాస్టరు కిషన్ రావు కుర్చీ వెనక గోడకు, మేకు మీద వేలాడుతూ ఉంటుంది. కావాలంటే ఆ గదిలోకి పోవాలి. లోపల మగ సార్లు రాజకీయాలు మాట్లాడుకుంటూ ఉంటారు. మాటలు ఆగిపోతాయి. “ఏం టీచర్, తాళంచెవి కావాల్నా?” అని హెడ్మాస్టరు నవ్వుతూ అడుగుతాడు. అన్ని కళ్లూ ఆ మేకు మీదికీ, తర్వాత ఆమె మీదికీ తిరుగుతాయి. దానికంటే దాహమే నయం అనుకున్నారు ఆడ టీచర్లందరూ. నిరుడు ఒంట్లో మంట పుట్టి దవాఖానకు పోతే, నీళ్లు బాగా తాగమన్నాడు డాక్టరు. “తాగరాదు మరి, ఎవలు వద్దన్నరు?” అన్నాడు రాజేశ్వర్ రావు.

ఆ రోజు పాఠం వ్యాకరణం. రాజు వచ్చాడు, రాణి వచ్చింది, బండి వచ్చింది, రాణులు వచ్చారు అని నల్లబల్ల మీద రాసింది. మగవాళ్లను చెప్పే మాటలు మహద్వాచకాలు. మహత్తు అంటే గొప్పది. గొడ్లనూ గువ్వలనూ రాళ్లనూ రప్పలనూ చెప్పేవి అమహద్వాచకాలు. మరి ఆడవాళ్లు? ఒక్కతే ఉంటే బండితో పాటు ‘వచ్చింది’. పదిమంది కలిస్తే మగవాళ్లతో సమానంగా ‘వచ్చారు’. ఏటా చెప్పే పాఠమే, ఏటా పిల్లలు రాసుకునేదే. ఈసారి మాత్రం సుద్దముక్క చేతిలో ఉండగానే పొద్దుటి మాట మళ్లీ వినబడింది. చాయ్ తెస్తాంది. బండి వస్తాంది. మీరు చదువుతున్న ఈ కథ కూడా ఆమెను ‘రాసింది, చెప్పింది’ అనే అంటోంది, గమనించారో లేదో.

అప్పుడే ఆఖరి బెంచీ మీద మొగిలి చెయ్యి లేచింది. మొగిలి తండ్రి యాకయ్య ధాన్యం మార్కెట్లో హమాలీ. ఆ పేరు ఈ వైపు మగపిల్లలకూ పెడతారు, ఆడపిల్లలకూ పెడతారు. బడిలో చేర్చింది మాత్రం మగపిల్లవాడనే. నడకలో, నవ్వులో, తల దించుకోవడంలో ఏదో తేడా ఉందని బడి మొత్తం తీర్మానించేసింది. మగపిల్లలు తమ పక్కన చోటు ఇవ్వరు, ఆడపిల్లల వైపు సార్లు పోనివ్వరు. బెంచీ అంచున, సగం గాల్లో కూర్చుని చదివినా తెలుగులో మొదటి మార్కు మొగిలిదే.

“టీచర్, మరి నేను ఏ దాంట్ల?”

క్లాసంతా ఘొల్లుమంది. “బండిల!” అని ఎవడో అరిచాడు. శకుంతల డస్టరు బల్లకేసి కొట్టి అందరినీ ఊరుకోబెట్టింది. జవాబు మాత్రం చెప్పలేదు. ఏం చెప్పాలో తెలిస్తే కదా.

గంట కొట్టాక మొగిలి తలుపు దగ్గర కాచుకుని ఉండటం కనిపించింది.

“నేను తమాషకు అడగలే టీచర్. ‘నేను వచ్చిన’ అంటే మగనో ఆడనో తెల్వది. ‘నువ్వు వచ్చినవ్’ అన్నా తెల్వది. ఎదుటోళ్లు నా గురించి అనుకునేటప్పుడే వస్తది లొల్లి. మొగిలి వస్తాండు అంటే నన్ను కాదన్నట్టే ఉంటది. వస్తాంది అంటే జర నిమ్మళం. గని గట్ల అనేటోళ్లందరు ఎక్కిరిచ్చెటోళ్లే. ఎక్కిరియ్యకుంట అనే మాట ఒక్కటి లేదా టీచర్?”

“ఆలోచించి చెప్త,” అంది శకుంతల. ఇంటికి పోయే దారి పొడుగునా అదే ఆలోచన. ‘డు’ అంటే ఆ బిడ్డకు నొప్పి. ‘ది’ అంటే ఊరికి నవ్వు. ఆ రెంటికీ నడుమ నిలబడటానికి జానెడు చోటు లేదా? ఇంత పెద్ద భాష, ఇన్ని కావ్యాలు, ఇన్ని సూత్రాలు, ఒక పిల్ల మనసుకు తగిన ఒక్క మాట లేకపోతే ఎందుకు, తగలెయ్యడానికా అని కోపం వచ్చింది. ఇంటికి పోగానే అత్తగారు బియ్యం చాట ముందుకు తోసింది. కోపం రాళ్ల మీదికి పోయింది.

తర్వాత కొద్ది రోజులకే ఎండలో డ్రిల్లు చేస్తూ మొగిలి కళ్లు తిరిగి పడిపోవడం జరిగింది. చేతులు సరిగ్గా మగపిల్లవాడి లాగా ఊపేదాకా నిలబడమని డ్రిల్లు సారు పోశయ్య వేసిన శిక్ష అది. ఆడపిల్లలే మోసుకొచ్చి వరండాలో పడుకోబెట్టారు. శకుంతల రంజన్ లోంచి గ్లాసెడు నీళ్లు ముంచి నోటి దగ్గర పెడితే, పగిలిన ఆ పెదవులు గట్టిగా మూసుకుపోయాయి.

“వద్దు టీచర్. తాగితే పోవాలె.”

“ఏడికి?”

“గోడ దగ్గరికి పోతే పోరగాండ్లు చుట్టు మూగుతరు, లాగు గుంజుతరు. ఆడివిల్లల దిక్కు పోతే డ్రిల్లు సారు కొడ్తడు. అందుకే పొద్దుగాల్నుంచి నీళ్లు ముట్ట.”

శకుంతల చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తన పెదవులూ పగిలే ఉన్నాయి. పొద్దుటి నుంచి తనూ నీళ్లు ముట్టలేదు. తనకు ఇది నేర్పింది అమ్మ. బయటికి పోయేటప్పుడు నీళ్లు తాగకు బిడ్డా, బిగబట్టుకోవడం ఆడదానికి అలవాటు కావాలి అని చిన్నప్పుడే చెప్పింది. ఇప్పుడు ఆ అలవాటే మొగిలికి తను నేర్పాలా? ఓర్చుకో బిడ్డా, మేమంతా ఓర్చుకోవడం లేదా అనాలా? ఒళ్లు మండిపోయింది. ఆ మేకు మీద, ఆ నవ్వు మీద, ఇన్నేళ్లు నోరు మూసుకున్న తన మీద. గ్లాసు కింద పెట్టి హెడ్మాస్టరు గదిలోకి పోయింది. అందరూ చూస్తుండగా తాళంచెవి తీసుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా బయటికి వచ్చింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే మొగిలిని వెంట తీసుకుపోయి ఆ తలుపు తెరవడం, బయట తను కాపలా నిలబడటం, తర్వాత చెవి మళ్లీ మేకుకు తగిలించడం అలవాటు చేసుకుంది. మెల్లమెల్లగా మొగిలి నీళ్లు తాగడం మొదలైంది. తనూ తాగడం మొదలుపెట్టింది. అదీ కొద్ది రోజుల ముచ్చటే. లెక్కలు చెప్పే నిర్మల ఒకనాడు పక్కకు పిలిచింది.

“ఆ పోరడు పోయిన దాంట్లకు మేం ఎట్ల పోవాలె అక్కా? జర మా గురించి సుత ఆలోచించు.”

“నేను బయట నిలబడ్తనే ఉన్న గద నిర్మలా. నువ్వు పోయినప్పుడు సుత నిలబడ్త.”

నిర్మల తల అడ్డంగా ఊపింది. తాళంచెవి మగవాళ్ల గదిలో ఎందుకుంది అని ఇన్నేళ్లలో ఒక్క మాట అడగని మనం, ఇవాళ మాత్రం నోరు తెరిచాం అని అనాలనిపించింది శకుంతలకు. అంటే చెల్లెలిలాంటి మనిషి దూరమవుతుంది. మింగేసింది. ఫిర్యాదు ఎలాగూ హెడ్మాస్టరు దాకా పోయింది.

కిషన్ రావు ఆమెకు మెమో ఇవ్వలేదు. దుకాణానికి చప్రాసీని పంపి రాజేశ్వర్ రావును పిలిపించాడు. తప్పు చేసిన టీచరుకైతే మెమో ఇస్తారు. మొగుణ్ణి పిలిపించారంటే, ఆ బడిలో ఇన్నాళ్లూ ఆమె టీచరే కాదన్నమాట. అటు మార్కెట్ నుంచి యాకయ్యను కూడా రప్పించారు. రాజేశ్వర్ రావుకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు. యాకయ్య భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని గడప దగ్గరే నిలబడ్డాడు. శకుంతలకూ ఎవరూ కుర్చీ చూపలేదు. మొగిలిని బయట వరండాలో ఉండమన్నారు.

“టీసీ రాసిస్త, తీస్కపో యాకయ్యా,” అన్నాడు హెడ్మాస్టరు. “ఇక్కడ ఆడివిల్లలున్నరు. రేపు బడికి చెడ్డపేరు వస్తది.”

“సార్, నడుమల టీసీ ఇస్తే ఏ బడోళ్లు చేర్చుకుంటరు? పదో తరగతన్న కానియ్యుండ్రి. మా మొగిలి మంచిగ చదువుతాండు...” యాకయ్య ఆగాడు. కిటికీలోంచి వరండా వైపు చూశాడు. మాట మింగి, మళ్లీ అన్నాడు. “మంచిగ చదువుతాంది సార్. లేకుంటే నా తీర్గ బస్తాలు మోసుడైతది.”

కిషన్ రావు పకపకా నవ్వాడు. “సూశిన్రా రావు సాబ్, కన్నతండ్రికే తెల్వది. ముందు వాడో, అదో తేల్చుకోని రమ్మను. అప్పుడు బడి సంగతి సూద్దాం.”

రాజేశ్వర్ రావు కూడా నవ్వాడు. శకుంతల యాకయ్య ముఖం వైపే చూస్తోంది. ఆ ఒక్క అక్షరం మార్చడానికి, అదీ ఇంతమంది మగవాళ్ల ముందు, ఆ మనిషికి ఎంత బరువైందో ఆమెకు తెలుస్తోంది. బిడ్డ మీద ప్రేమ ఉంటే నాలుక ఇలా తిరుగుతుందన్నమాట. తన కోసం తన ఇంట్లో ఎవరి నాలుకా ఎన్నడూ ఒక్క అక్షరం కూడా తిరగలేదు.

“మీ ఇంటామెకు జర మీరే చెప్పుండ్రి,” అన్నాడు హెడ్మాస్టరు. “మేం చెప్తే ఇంటలేదు.”

“ఏం చెప్పాలె సార్. అది గంతే. ఇంట్ల సుత ఎవలు చెప్పినా ఇనది.”

“ఏది?” అంది శకుంతల.

రాజేశ్వర్ రావు చాయ్ కప్పు దించి చూశాడు. “ఏంది?”

“ఇనది అన్నరు గద. ఏది ఇనది?”

 యాకయ్య ఒక్కడే తల ఎత్తాడు. శకుంతల హెడ్మాస్టరు వైపు తిరిగింది. 

“సార్, ‘అది’ అయినోళ్లు బడిల ఉండొద్దంటే నాకు సుత టీసీ రాయుండ్రి. పెండ్లైన కాన్నుంచి నేను సుత ‘అది’నే. మా ఇంటాయన ఇప్పుడు మీ ముంగటనే అన్నడు. నన్ను ఉండనిస్తే మొగిలిని ఉండనియ్యాలె. పంపితే ఇద్దర్ని పంపాలె. పదో తరగతికి తెలుగు మీరే చెప్పుకోండ్రి.”

“ఏం మాట్లాడుతాన్రు టీచర్! మెమో ఇస్త మీకు!”

“ఇయ్యుండ్రి. నా చేతికే ఇయ్యుండ్రి. మా ఇంటాయనకు కాదు.”

శకుంతల హెడ్మాస్టరు కుర్చీ వెనకకు నడిచింది. కిషన్ రావు పక్కకు ఒరగక తప్పలేదు. మేకు మీది తాళంచెవి తీసి, కొంగు చివర గట్టిగా ముడి వేసుకుంది. రాజేశ్వర్ రావు ఆ ముడి వైపే చూస్తున్నాడు. సాయంత్రం ఇంట్లో ఏం వినవలసి వస్తుందో ఆమెకు తెలుసు. మెమో నిజంగానే వస్తుందనీ, ఉద్యోగం మానిపిస్తామని అత్తగారు లేస్తుందనీ, నిర్మల కొన్నాళ్లు మాట్లాడదనీ తెలుసు. యాకయ్యకు టీసీ ఇస్తారో ఇవ్వరో అదొక్కటే తెలియదు. ఒకటి మాత్రం నిశ్చయించుకుంది. ఈ చెవి మళ్లీ ఆ మేకు ఎక్కదు. మొగిలి బయటికి పోయిన రోజున తనూ పోతుంది.

వరండాలో మొగిలి రంజన్ పక్కన గోడకు ఆనుకుని ఉండటం కనిపించింది. అన్నీ విన్నట్టే ఉంది ఆ ముఖం. చుట్టూ పదో తరగతి పిల్లలు గుమిగూడారు. బండి అని అరిచినవాడూ వాళ్లలో ఉన్నాడు. ఆ పాఠం నాటి నుంచి ఒక జవాబు బాకీ ఉంది శకుంతల. ఆ జవాబు అదే నల్లబల్ల మీద, చివరి వాక్యంలో ఉండనే ఉంది. ‘వచ్చారు’లో ‘డు’ లేదు, ‘ది’ లేదు. పదిమంది ఉంటేనే ఆ మాట వాడాలని ఎక్కడుంది? గౌరవం ఉంటే ఒక్కరికైనా సరిపోతుంది. ఊళ్లో పెద్దమనుషులందరికీ రోజూ వాడుతున్న మాటే.

ఆమె గ్లాసు నిండా నీళ్లు ముంచింది.

“మొగిలి గారూ,” అంది, పిల్లలందరికీ వినబడేలా. “ఇట్ల రాండ్రి.”

పిల్లలు నవ్వబోయి, టీచరు ముఖం చూసి ఆగిపోయారు. మొగిలి వచ్చారు. గ్లాసు అందుకుని, అలవాటు కొద్దీ ఒక్క గుక్క తాగి ఆపేశారు.

“కడుపునిండ తాగుండ్రి,” అంది శకుంతల. “తాళంచెవి నా దగ్గర ఉన్నది.”