నాలుగో నట్టు

మొదట్లో షావుకారు లెక్కకు వచ్చినవి నాలుగు బోల్టులు, మూడు నట్లు. నాలుగో నట్టు ఏమైందన్నదే తగువు.

పొద్దున్న బనీను తొడుక్కుందామని, భార్య పడుకునే వైపు మంచం అంచున కూర్చోగానే పక్కపట్టె ఊడి, పరుపుతో సహా నేల మీదికి జారాడు. దెబ్బ తగల్లేదు గానీ అనుమానం తగిలింది. ఏళ్ల తరబడి మేకులూ బోల్టులూ అమ్ముతున్న మనిషి. విరిగిన బోల్టుకీ, విప్పిన బోల్టుకీ తేడా ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. మర చెక్కుచెదరలేదు. నట్టు దానంతట అది ఊడితే మంచం కిందే ఉండాలి. చీపురు పట్టుకుని మూలమూలా ఊడ్చాడు. ఎప్పుడో పోయిందనుకున్న చొక్కా గుండీ దొరికింది, నట్టు దొరకలేదు.

అంటే ఎవరో పానా పెట్టి విప్పారు. ఎవరికి లాభం?

"ఇంకా దీనికి మరమ్మతేంటండీ, కొత్తది కొనేద్దాం," అంది భార్య వంటగదిలోంచి.

"విరిగితే కదా కొనేది!"

ఆ ఇంట్లో అది చట్టం. విరగనిదాన్ని మార్చేది లేదు. హాల్లో ఫ్యాను ఎంత గోల పెట్టినా తిరుగుతోంది కాబట్టి ఉంది.

వడ్రంగి వచ్చాడు. వంగి చూశాడు, పలకల మీద అరచేత్తో నొక్కాడు. "నట్టు బిగిస్తే నిలబడుతుంది షావుకారుగారూ. కానీ అనవసరం. కొత్తది చూసుకోండి."

చేతికొచ్చిన పని వద్దనే వడ్రంగిని షావుకారు అంతవరకూ చూడలేదు. ఇక్కడ లాభం వద్దంటున్నాడంటే ఇంకెక్కడో ఉండే ఉంటుంది. అదెక్కడా అని ఆలోచిస్తుండగానే బావమరిది ఊడిపడ్డాడు.

"బావా, అక్క ఫోన్ చేసింది. పాతది ఎలాగూ తీసేస్తారుగా, నేను పట్టుకుపోతాలే. బండి కూడా తెచ్చా."

"బండి కూడానా! నిన్న భోంచేసి ఈ గదిలోనేగా కునుకు తీశావు?"

"తీశా. నిద్రపోవడం కూడా తప్పేనా?"

"నిద్రే పోయావో, పానా పట్టుకుని మేలుకునే ఉన్నావో!"

"నాకు సీసా మూత తియ్యడమే చేతకాదు బావా, అక్కనడుగు."

వడ్రంగి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుతో షావుకారుకి లెక్క తేలిపోయింది. ఉన్నది టేకు మంచం. ఒకడు విప్పాడు, ఒకడు పనికిరాదన్నాడు. తరవాత చెరిసగం.

"మీ ఇద్దరి సంగతీ తేలేదాకా ఈ మంచం గది దాటదు," అంటూ తలుపు లాగి గడియ పెట్టబోయాడు.

తలుపు వెనక, తువ్వాలు తగిలించే మేకుకి దారం వేలాడుతోంది. దారం చివర నట్టు.

షావుకారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రెండు చుట్లు, ఒక మెలిక. అది ఆయన కొట్టు ముడి. విప్పిన నట్టుని కింద పెడితే దొర్లిపోతుందని, వెంటనే దారానికి గుచ్చి మేకుకి తగిలించడం అక్కడి పద్ధతి. దొంగ అయితే జేబులో వేసుకునేవాడు. ఈ ముడి ఆయన నేర్పింది ఒక్కరికే, కొట్టు తెరిచిన కొత్తలో, పక్కన కూర్చోబెట్టుకుని.

"ఏమే, ఒకసారి ఇలా రా."

ఆమె వచ్చింది. నట్టు చూసి నాలిక కరుచుకుంది. "ఛ! డబ్బాలో దాచేద్దామనే విప్పా. చెయ్యి అలవాటు!"

"నువ్వా!"

"పలకలు మీ వైపు దిగిపోయాయి, రాత్రంతా పట్టె పట్టుకుని వేలాడుతున్నాను, కంటికి నిద్ర లేదు మొర్రో అని ఎన్నిసార్లు చెప్పాను? 'విరిగిందా?' అన్నారు. లేదన్నాను. 'అయితే పడుకో' అన్నారు. ఇక విరగ్గొట్టక ఏం చెయ్యను? నేనే కూర్చుని పడదామనుకున్నా. ముందు మీరు కూర్చున్నారు."

బావమరిది కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకున్నాడు. షావుకారు అప్పటికీ నమ్మలేదు. సరుకు చూడకుండా మాట నమ్మే అలవాటు ఆయనకు లేదు. నట్టు బిగింపించాడు, పరుపు వేయించాడు, బావమరిదిని తన వైపు పడుకోమన్నాడు.

"నేనా? నీ పక్కనా?"

"నా బరువూ నీ బరువూ ఒకటే. నోరు మూసుకుని పడుకో."

తను భార్య వైపు వాలాడు. వాలీ వాలగానే ఒళ్లు దొర్లుకుంటూ బావమరిది మీదికి పోయింది. ఆగడానికి చెయ్యి చాచి పక్కపట్టె పట్టుకున్నాడు. వేళ్ల కింద కర్ర నున్నగా తగిలింది. తల తిప్పి చూశాడు. పట్టె అంతా పాలిష్ మెరుస్తోంది, ఆ ఒక్కచోట మాత్రం నాలుగు వేళ్లంత మేర అరిగి తెల్లబడింది. ఎన్నేళ్లు పట్టుకుంటే టేకు అరుగుతుంది? ఆ లెక్క వేయబోయి ఆగిపోయాడు.

లేచి, ఎవరి మొహం చూడకుండా అన్నాడు, "ఒంటిగాడివి, నడిమధ్యన పడుకో. బండిలో ఎక్కించు."

కొత్త మంచం బోల్టులు తనే బిగించాడు. పానా మాత్రం కొట్టుకి పట్టుకుపోలేదు, ఆమెకి అందేచోటే పెట్టాడు.

పోయినవి ఒక టేకు మంచం, ఒక చట్టం, ఇద్దరి ముందు కొంత పరువు. మర్నాడు తెల్లగా తెల్లారినా టీ రాలేదు. గదిలోకి తొంగి చూశాడు. ఆమె వెల్లకిలా, రెండు చేతులూ వదిలేసి నిద్రపోతోంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, టీ తనే పెట్టుకుని, చక్కెర ఎక్కువైన ఆ టీని కూడా లాభంలోనే కలుపుకున్నాడు.