తెల్లని వడగట్టుగుడ్డ

శ్రావణమేఘములు శారదానదీతీరమున నెడతెగక వర్షించుచుండ, ఆరని వస్త్రములు చూరులక్రింద బరువుగా వ్రేలాడుచుండ, నీట నానుటయే జీవనముగా గల చాకలివాడలో తామరవ్యాధి విజృంభించెను. పైడితల్లి చేతులపై నెఱ్ఱని వలయములు వ్యాపింపగా, తరతరములుగా బట్టలు వేయుచున్న యిండ్లవారు ఒక్కరొక్కరుగా మూటలు పంపుట మానుకొనిరి. పనిలేని చేతులను జూచుకొనుట యామెకు దురదకంటె దుస్సహమయ్యెను.

ఆమె యేకైకపుత్రిక సత్యవేణి పట్టణకళాశాలలో వృక్షశాస్త్రపరిశోధకురాలు. తల్లిచేతులను బాగుచేసితీరవలెనని పట్టుపట్టి యామె తామరకు మందని పేరుగల సీమ అవిసె యాకులు నూఱి తెల్లని గుడ్డలో వడగట్టి, గాజుపళ్లెములలో పెంచిన తామరబూజుపై నా రసమును చుక్కలుగా విడిచెను. బూజు పళ్లెమంతయు నల్లుకొనినను చుక్క పడినచోట మొలకైన లేదు. ఆనందమున నేలపై కాలు నిలువక లేపనము కలిపి యింటికి బయలుదేరబోవ, గురువు నరసింగరావుగారు “పోల్చిచూచుటకై వట్టినీటిని చల్లిన పళ్లెమును జూచితివా?” యని యడిగిరి.

చూడలేదు. చూడగా నందును చుక్కలచోట బూజు లేదు! నీటికి బూజు చచ్చునా? నీటినిగూడ వడగట్టిన యా గుడ్డను మూర్కొనినంతనే బట్టలను తెల్లబఱచు పొడివాసన గుప్పుమనెను. దానిని ఉదికి పంపినది కన్నతల్లియే. సత్యవేణి లేపనపుగిన్నెతో నింటికి వచ్చి జరిగినదంతయు తల్లికి జెప్పెను.

“కాలేజీకెల్లే గుడ్డ మల్లెపువ్వునాగుండాలని ఇంకో గుప్పెడు పొడేసినానమ్మీ. నానే నీ పని పాడుసేసినానేటి?” యని పైడితల్లి యా సాయంకాలము కుమిలిపోయెను.

“తప్పు నీది కాదమ్మా. సూడకుండా ఎగిరింది నాను.”

“పోనీలే, ఆ మందే పూసీ. నీ సేత్తో పూత్తే తగ్గిపోద్ది.”

చాచిన యా చేతులను జూచి సత్యవేణి మనసు కరగెను. అయినను లేపనపుగిన్నెను దూరముగా జరిపి, “ఆకు గొప్పో పొడి గొప్పో తెలకుండా నీ సేతులమీద పుయ్యలేనమ్మా,” యనెను.

పిమ్మట వట్టినీట మరలమరల కాచిన క్రొత్తగుడ్డతో పరీక్ష మొదటికి వచ్చెను. ఈసారి నీటిపళ్లెము బూజుతో నిండిపోయెను. ఆకురసము పడినచోట్ల మాత్రము కందిగింజంతేసి ఖాళీలు నిలిచెను. మునుపటి విజయముకంటె నవి మిక్కిలి చిన్నవి, అయినను నిజమైనవి. సత్యవేణి వానిని జూచి వెక్కివెక్కి యేడ్చెను. చర్మవైద్యుడు పరీక్షించి యొప్పుకొనిన పిదపనే క్రొత్తలేపనమును తల్లిచేతులకు పూసెను. వలయముల యెఱుపు మెల్లమెల్లగా వెలిసిపోజొచ్చెను.

ఆశ్వయుజమున నొక యుదయము, అందఱికంటె ముందు మూట పంపుట మానుకొనిన యిల్లాలే వాకిటికి వచ్చెను. పైడితల్లి చేతులను తన చేతులలోనికి దీసికొని త్రిప్పి చూచి, బట్టలమూటను వానిలో నుంచెను. పైడితల్లి దానిని క్రింద దింపక చాలసేపు నిలిచియుండెను.