బోడాయన గొప్పా, జుట్టాయన గొప్పా

ఆర్మూరు పశువుల దవాఖాన డాక్టర్ గంగాదాస్‌కు మాలర్ పిచ్చి పట్టింది ఆస్ట్రియాలో. 1983లో ప్రభుత్వం అతన్ని పాడిపశువుల శిక్షణకని నాలుగు నెలలు అక్కడికి పంపింది. అద్దెకున్న ఇంటి ముసలావిడ దగ్గర ఒక శనివారం కచేరీ టికెట్ ఎక్కువైతే ఇతన్ని వెంట తీసుకెళ్లింది. వేదిక మీద నూరుమంది వాయించేవాళ్లు, పుల్ల ఊపుతూ వాళ్లను నడిపించే కండక్టర్ ఒకాయన. ముందు ఒక ట్రంపెట్ ఒంటరిగా లేచింది, తర్వాత మిగతా అందరూ దాని మీద పడ్డారు. గంటంబావు సేపు గంగాదాస్ కదల్లేదు. బయటికొచ్చి కళ్లు తుడుచుకుంటుంటే, చలికేమో అనుకుని ముసలావిడ తన మఫ్లర్ ఇచ్చింది. ఆ సంగీతాన్ని సింఫనీ అంటారనీ, రాసినాయన పేరు మాలర్ అనీ, ఆయన పోయి డెబ్బై ఏళ్లు దాటిందనీ దారిలో చెప్పింది.

తిరిగొచ్చిన రెండేళ్లకు ఆర్మూరులో పోస్టింగ్ అయింది. హైదరాబాదులో రికార్డుల నుంచి క్యాసెట్లు ఎక్కించి ఇచ్చే దుకాణం ఒకటి పట్టుకుని, అదే సింఫనీ తెప్పించుకున్నాడు. పెట్టె మీద జిరాక్స్ తీసిన ఫోటోలో బట్టతల కండక్టర్ ఒకాయన కళ్లు మూసుకుని పుల్ల ఎత్తి నిలబడ్డాడు.

పక్కింట్లో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ భూమేశ్వర్ దిగి అప్పటికి వారం. ఒక సాయంత్రం వచ్చి తలుపు కొట్టాడు.

"డాక్టర్ సాబ్, ఏమనుకోవద్దు. మీ టేప్ రికార్డర్ ఖరాబైనట్టున్నది. గంట నుంచి ఒక్క పాట గూడ సక్కగ వస్తలేదు."

"ఖరాబు గాలే సార్. గది గట్లనే ఉంటది. జర లోపటికి వచ్చి కూసోండ్రి."

భూమేశ్వర్ మర్యాదకు కూర్చున్నాడు. రెండోసారి అనుమానంతో వచ్చాడు. మూడోసారి తన భార్య గంగమణి అన్నానికి పిలిచినా లేవలేదు. నెల తిరక్కుండా అతనికీ పిచ్చి పట్టింది. ఒకే సింఫనీని ఒక్కో కండక్టర్ ఒక్కో తీరుగా నడిపిస్తాడని గంగాదాస్ చెప్పగానే, ఇద్దరి దగ్గరా ఒకటే ఎందుకని అదే దుకాణానికి ఉత్తరం రాసి వేరే కండక్టర్‌ది తెప్పించాడు. ఆ పెట్టె మీద ఫోటోలో భుజాల దాకా తెల్లజుట్టున్న పెద్దమనిషి ఉన్నాడు. ఆ నాటి నుంచి ఒకరిది బోడాయన, ఒకరిది జుట్టాయన.

రెండేళ్లు హాయిగా గడిచాయి. ఆదివారం మధ్యాహ్నం ముందు ఒకటి వినడం, తర్వాత ఇంకొకటి వినడం, చీకటిపడేదాకా తేడాలు చెప్పుకోవడం. భూమేశ్వర్ కాలేజీ ల్యాబు నుంచి స్టాప్‌వాచ్ తెచ్చి కొలిచాడు. బోడాయన డెబ్బై నిమిషాల్లో ముగిస్తే జుట్టాయన డెబ్బైనాలుగు తీసుకున్నాడు. ఆ నాలుగు నిమిషాల్లోనే జీవితానుభవమంతా ఉందని భూమేశ్వర్ వాదన. ఉన్నది బద్ధకమని గంగాదాస్ వాదన. మొదట్లో ఇది ముచ్చటగానే ఉండేది.

1988 ఎండాకాలం ఒక ఆదివారం మాట జారింది.

"ఏమన్న అనుండ్రి సార్, మీ జుట్టాయన నడిపిస్తుంటె బర్రె నెమరేసినట్టున్నది," అన్నాడు గంగాదాస్.

"పొద్దందాక బర్రెల కడుపుల చెయ్యి వెట్టేటాయనకు నెమరు తప్ప ఇంకేం ఇనవడ్తది?" అన్నాడు భూమేశ్వర్.

అన్న మరుక్షణమే నాలుక్కరుచుకున్నాడు. కానీ గంగాదాస్ అప్పటికే లేచి, తన క్యాసెట్ తీసుకుని, చెప్పులు వేసుకుంటున్నాడు. అంతే, మాటలు బందయ్యాయి. ఆదివారాలు రెండిళ్లలో రెండు టేప్ రికార్డర్లు ఒకేసారి మోగేవి. గోడకటూ ఇటూ మాలర్ తనతో తానే కొట్లాడుకునేవాడు. మధ్యన వంట చేసుకుంటున్న గంగమణికి తలనొప్పి పట్టుకుంది.

ఆషాఢంలో ఒక పొద్దున గంగమణి బర్రె లచ్చి కట్టు తెంపుకుని మక్కజొన్నల బస్తా మీద పడింది. తిన్నంత తిన్నది. తొమ్మిది గంటలకల్లా ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. గంగమణి డాక్టర్‌కు కబురు పెట్టింది. గంగాదాస్ క్షణం ఆలస్యం చేయకుండా వచ్చాడు. కానీ కొట్టంలో భూమేశ్వర్ నిలబడి ఉండటం చూసి ముఖం బర్రె వైపు తిప్పాడు.

"ఏం లచ్చీ, గింత సదువుకున్నోళ్ల ఇంట్ల ఉండి నీకు ఎంత తినాల్నో తెల్వదా?"

భూమేశ్వర్ కూడా బర్రెనే చూస్తూ అన్నాడు: "లచ్చీ, కట్టు తెంపుకున్నది నువ్వేనని చెప్పు. మేమెవలం వెయ్యలేదని చెప్పు."

గంగాదాస్ గొట్టంతో మందు తాపి, డొక్క మీద చాలాసేపు రుద్దాడు. "లచ్చీ, పొద్దుగూకినంక ఇంకొక్కసారి తాపుమను. రేపటిదాక మక్కలు, జొన్నలు బందు."

"లచ్చీ, ఎంత తాపాల్నో అడుగు."

"లచ్చీ, సీసా మీద రాసున్నది, ఇంగ్లీషే గదా, సదువుకొమ్మను."

లచ్చి ఒక పెద్ద త్రేన్పు త్రేన్చింది. గంగమణికి ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు కోపమూ లేచొచ్చింది.

"సాలు తియ్యిండ్రి! బర్రెకు గూడ సిగ్గయితున్నది మీ ఇద్దర్ని జూసి. డాక్టర్ సాబ్, ఆదివారం మీ క్యాసెట్ వట్కొని రాండ్రి. లెక్చరర్ సాబ్, మీరు గూడ ఇంటనే ఉండుండ్రి. మా పోచయ్యను పిలిపిస్త. ఏది మంచిగున్నదో ఆయన చెప్తడు. ఓడిపోయినాయన ముందుగాల మాట్లాడాలె. అంతే."

పోచయ్య గంగమణి పుట్టింటి ఊరు అంకాపూర్ వాడు, ఆమెను అక్కా అంటాడు. ఆర్మూరు నుంచి మాక్లూర్ దాకా పెళ్లంటే అతని బ్యాండు రావాల్సిందే. ఇరవై ఏళ్లుగా ట్రంపెట్ ఊదుతున్నాడు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు కనుక ఆదివారం ఖాళీ. ట్రంపెట్ సంచీ భుజాన వేసుకునే వచ్చాడు. అది లేకుండా బయటికి వెళ్తే చొక్కా తొడుక్కోనట్టు ఉంటుందని అతని మాట.

గంగమణి రెండు క్యాసెట్లనూ పెట్టెల్లోంచి తీసి, తెర వెనక టేప్ రికార్డర్ దగ్గర కూర్చుంది. ముందు ఏది వేసేదీ ఎవరికీ చెప్పలేదు. వరండాలో ఈ చివర డాక్టరు, ఆ చివర లెక్చరరు, మధ్యన చాప మీద పోచయ్య.

ట్రంపెట్ లేచింది. పోచయ్య కళ్లు మూసుకున్నాడు. కుడిచేతి మూడు వేళ్లు మోకాలి మీద కదలడం మొదలుపెట్టాయి. మిగతా నూరుమంది మీద పడ్డప్పుడు ఉలిక్కిపడి, మళ్లీ సర్దుకున్నాడు. ఒక వైపు అయిపోయేదాకా బీడీ కూడా ముట్టించలేదు.

"ఎట్లున్నది పోచయ్యా?" అన్నాడు భూమేశ్వర్ ఆగలేక.

"పెద్దోళ్ల పని సార్. గంత మంది ఉండి ఒక్కడు గూడ ఎన్కకు వడ్తలేడు. మా బ్యాండుల పదకొండు మందిమి ఉంటె, బరాత్ సౌరస్తకు వచ్చేవరకు నలుగురే మిగుల్తరు."

గంగమణి రెండో క్యాసెట్ వేసింది. ట్రంపెట్ లేచింది. పోచయ్య కళ్లు మూశాడు, వెంటనే తెరిచాడు.

"అక్కా, మళ్ల గదే వేసినవ్."

"లేదు తమ్ముడూ, మార్చిన."

"మార్చలే అక్కా. గిది గదే."

"అట్లెట్లయితది?" డాక్టరూ లెక్చరరూ ఒకేసారి అన్నారు. మూడు నెలల్లో ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది ఇప్పుడే.

పోచయ్య చెయ్యెత్తి ఆపాడు. "ఆగుండ్రి. ఇప్పుడు ట్రంపెట్ ఊదేటాయనకు ఒక్కకాడ పెదవి జార్తది. ఆ... జారిందా? ఇగ జర సేపైతె మెల్లగైతది, అప్పుడు ఎవలో దగ్గుతరు. సూడుండ్రి."

సంగీతం నెమ్మదించింది. టేపులోంచి స్పష్టంగా దగ్గు వినిపించింది.

గంగాదాస్ ఊరుకోలేదు. "దగ్గు నేను రెండిట్ల ఇన్న. నాదాంట్ల దగ్గింది వయసు పిల్లగాడు. సార్ దాంట్ల దగ్గింది ముసలాయన, ఛాతిల కఫమున్నది. రెండు ఒక్కటెట్లయితయ్?"

"గది గూడ చెప్త," అని పోచయ్య సంచీలోంచి ట్రంపెట్ తీశాడు. మొదటి క్యాసెట్ మళ్లీ వేయించి దాంతోపాటు ఊదాడు, చక్కగా కలిసింది. అవే వేళ్లతో రెండోదాంతో ఊదితే పచ్చి మామిడికాయ కొరికినట్టయింది. ఒక మెట్టు దించి ఊదాడు. మళ్లీ కలిసింది. "చూసిండ్రా? మనిషి ఒక్కడే. గీ టేప్‌ల ఎక్కిచ్చినప్పుడే రికార్డు జర మెల్లగ తిరిగింది. మెల్లగ తిరిగితె సురు దిగుతది, దగ్గు ముసలిదైతది."

భూమేశ్వర్ జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో లెక్క వేసుకున్నాడు. శ్రుతి ఒక మెట్టు దిగాలంటే వేగం దాదాపు నూటికి ఆరుపాళ్లు తగ్గాలి. డెబ్బై నిమిషాలది డెబ్బైనాలుగు అవుతుంది. చక్కగా డెబ్బైనాలుగు. ధ్వని పాఠం అతను ఏటా రెండు సెక్షన్లకు చెబుతాడు. పెన్ను జేబులో పెట్టబోతే కింద పడింది.

జుట్టాయన జీవితానుభవం గురించి తాను చెప్పిన మాటలన్నీ భూమేశ్వర్ చెవుల్లో తిరిగాయి. అదంతా దుకాణంలో రికార్డు తిప్పిన ఒక మోటారు నీరసం.

"డాక్టర్ సాబ్," అన్నాడు చివరికి, డాక్టర్ ముఖంలోకే చూసి. "గా దినం నేనన్న మాట తప్పు. మీ చెయ్యి లేకుంటె మా లచ్చి బతుకుతుండెనా?"

గంగాదాస్‌కు నవ్వొచ్చింది, కిందపడ్డ పెన్ను తీసి అతని చేతికిచ్చాడు. "ఇడ్వుండ్రి సార్. ఇద్దరం ఒక్క మనిషిని పంచుకొని కొట్లాడినం."

గంగమణి తెర వెనకనుంచి లేచి చాయ్ పెట్టడానికి వెళ్లింది.

మరుసటి ఆదివారం ఇద్దరూ కలిసి బస్సెక్కి హైదరాబాదు దుకాణానికి పోయారు. దుకాణదారు సగం వినగానే నెత్తి గోక్కున్నాడు.

"సాబ్, గా ఫోటోలల్ల ఉన్నోళ్ల రికార్డులు నా దగ్గర ఎన్నడు లేకుండె. ఆర్డర్ వాపస్ పంపుడెందుకని ఉన్నదాన్నే ఎక్కిచ్చిన. ఫోటోలు ఒక పత్రికల కెల్లి జిరాక్స్ తీసినయి. ఆర్మూర్‌ల గిది ఎవలకు తెలుస్తది అనుకున్న."

"ఆర్మూర్‌ల బ్యాండ్ వాయించేటాయనకు తెల్సింది," అన్నాడు భూమేశ్వర్.

"ఒక్క నిమిషం," గంగాదాస్ గొంతు సన్నబడింది. "రికార్డులు లేకుండె అంటున్నవ్... మరి నాది? నాదన్న బోడాయనదేనా?"

దుకాణదారు అల్మారా లోంచి అసలు రికార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద ఉన్నాయనకు బట్టతల లేదు, భుజాల జుట్టూ లేదు. లావుగా, మందపాటి కళ్లద్దాలతో, స్కూలు తనిఖీకొచ్చిన అధికారిలా ఉన్నాడు. ఇద్దరూ వంగి ఆయన్ను చాలాసేపు చూశారు. దారిలో ఎదురైతే మాట్లాడాలనిపించే ముఖం కాదు.

తిరుగు బస్సులో భూమేశ్వర్ అన్నాడు: "వేగం మటుకు మీదే సరైంది డాక్టర్ సాబ్. మీదే అసలు."

"అట్లనకుండ్రి సార్. మీ మెల్లదాంట్ల ఒక గంభీరం ఉంటుండె. నేనే ఒప్పుకోలే."

"గంభీరం ఏంది సాబ్, అది తప్పు తిరుగుడు. లెక్క చేసి చూపిచ్చిన గదా?"

"లెక్కతోని సంగీతం తెలుస్తదా?"

కామారెడ్డి వచ్చేసరికి ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూడసాగారు. ఇద్దరూ తగ్గి, చాయ్‌కి దిగారు.

దుకాణదారు సిగ్గుపడి, మరుసటి చలికాలానికి ఎవరి దగ్గరో వెతికి అసలైన బోడాయననూ, అసలైన జుట్టాయననూ పంపించాడు. ఈసారి పోచయ్య కూడా మొదటినుంచీ కూర్చున్నాడు. డాక్టరుకూ లెక్చరరుకూ రెండూ నచ్చలేదు. కళ్లద్దాలాయన ముందు ఇద్దరూ పనికిరారని వెంటనే ఏకాభిప్రాయానికి వచ్చారు. ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేక గంగాదాస్ గోడ గడియారం వైపు చూశాడు.

"నాకు మటుకు బోడాయనదే మంచిగున్నది సార్," అన్నాడు పోచయ్య నెమ్మదిగా. "మీ అద్దాలాయన ట్రంపెటోన్ని ఊపిరి తీసుకోనిస్తలేడు. గీయన ఇస్తున్నడు."

"ఊపిరా?" అన్నాడు భూమేశ్వర్ ముందుకు జరిగి.

"ఏ కాడ పోచయ్యా? చూపియ్యి," అని గంగాదాస్ క్యాసెట్ వెనక్కి తిప్పాడు.

పోచయ్య సంచీలోంచి ట్రంపెట్ తీశాడు. కొట్టంలో లచ్చికి కుడితి కలుపుతున్న గంగమణికి ముగ్గురూ ఒకేసారి అరుస్తున్న చప్పుడు వినిపించింది. పొయ్యి మీద బియ్యం ఇంకో గ్లాసు ఎక్కువ పెట్టాలని అనుకుంది.